గార్డు లేని రంపం

ఒహాయోలోని ఒక ఇంటి గరాజ్‌కి ఒక వడ్రంగి వచ్చి, అక్కడ బల్లకి బిగించి ఉన్న కరెంటు రంపం అమ్ముతారా అని అడిగాడు. ఇంటావిడ వెంటనే ఒప్పుకుంది.

"దీని బ్లేడు మీద రక్షణగా ఉండే గార్డు ఏదండీ?"

"పనికి అడ్డమొస్తోందని మా ఆయనే ఊడదీశాడు. పోయిన వారం మూడు వేళ్లు తెగాయి. రెండే అతికాయి."

"అమ్ముతున్నట్టు ఆయనకి చెప్పారా?"

"లేదు. గురువారం ఆసుపత్రి నుంచి వచ్చి ఇల్లెగిరేలా అరుస్తాడు. అరవనీ."

"అరవడు లెండి."

"నలభై ఏళ్లు కాపురం చేసింది నేనా, మీరా?"

"నన్ను పంపిందే మీ ఆయన, ఆర్విల్. ఇది కళ్లెదురుగా ఉంటే మళ్లీ స్విచ్ వేస్తానేమోనని భయంగా ఉందన్నాడు. మీతో చెప్పడానికి సిగ్గట."

ఆమె రంపం ప్లగ్గు పీకి, వైరు చుట్టింది.

"అటు పట్టుకోండి. ఇటు నేను పట్టుకుంటాను."