స్టీరింగ్‌కి తగిలిచ్చిన బిళ్ళ

ఏం రా విఘ్నేశూ, ఇంగా ఆ కారు కిందనే ఉండావా? కాళ్ళు రెండు తప్ప ఏమీ కనపడలేదు నాకి. బయటికి రా నాయనా ఒక నిమిషం. కాపీ తెచ్చి పెట్టినాను, ఆ గోడ మీద ఉండాది చూడు. జాకీ మీద నిలబెట్టి కింద దూరితివే, అది జారితే ఏం గతి? ... స్టాండా? ఏ స్టాండు? ఓ, ఆ మూడు కాళ్ళదా? సరే సరే, నాకేం తెలుసు. ఫోనులో చూసి నేర్చుకున్నావంట గదా, మీ అవ్వ చెప్పె. మాలూరులో పెద్ద కంపెనీలో పని చేస్తావు, దినామూ మిషన్ల మధ్యలో ఉంటావు, నీకి నేను చెప్పేదేముంది! అయినా చెప్తా ఉండా. ఆ ముందు చక్రం ఊడదీసి పెట్టినావే, దాని వెనక ఆ రాడ్డు వేలాడతా ఉండాదే, దాన్ని చూసినప్పటినుంచి ఒక కాడ కూర్చోబుద్ధి కాలేదు. నవ్వొద్దు. నవ్వే మాట కాదు. ఇట్ల కూర్చో. చేతులు తుడుచుకో, ఆ గుడ్డతో కాదు, అది మీ అవ్వ దేవుడి గుడ్డ, చంపేస్తాది నిన్ను.

మీ తాత కూడా ఇదే పని చేసినాడు. ఇంటి ముందర, ఇట్లనే, ఆదివారం కాదు గానీ లీవు పెట్టి. వాసుదేవ తాత రా, ఇంగెవరు, మీ అవ్వ మొగుడు. నువ్వు ఫోటోలో చూసుంటావు అంతే. మీ అమ్మ మధురనే సరిగ్గా చూడలేదు, చంకలో బిడ్డ అప్పుడు. నాకి బావ. చెల్లెలి మొగుడైనా బావనే గదా మనకి. ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేది. ఇద్దరు బావలూ ఎప్పుడు జూసినా జోడు ఎడ్ల మాదిరి తిరుగుతారని మా అమ్మ తిట్టేది. ఆయన టైమాఫీసులో గుమాస్తా. మైన్స్ అంటే, మన బంగారు గనులు, ఇప్పుడు నీకి ఆ తెల్ల దిబ్బలు, తుప్పు పట్టిన షాఫ్టు, అంతే. అప్పుడు షిఫ్టు కూత వచ్చిందంటే రోడ్డంతా మనుషులే. టైమాఫీసు అంటే ఏమనుకుంటివి? గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద నెంబరు. దిగేటప్పుడు ఆ బిళ్ళ బోర్డుకి తగిలిచ్చి దిగాల. పైకొచ్చినాక తీసుకోని ఇంటికి పోవాల. షిఫ్టు అయిపోయినంక బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలిందా, ఒక మనిషి లోపలే ఉండిపోయినాడని లెక్క. ఆ బిళ్ళని ఇంగొకడు ముట్టకూడదు. దొరైనా సరే, ముట్టకూడదు. మీ తాతకి ఆ బిళ్ళ అంటే ఎంత గురి అంటే, దేవుడి మీద కూడా అంత గురి లేదు ఆయనకి. నిజం.

ఏమంటివి? కారా? ఆఁ, గుమాస్తాకి కారు యాడిదని అడుగుతావు, అందరూ అట్లే అడిగిరి. ఒక దొర దేశం వదిలి పోతా పోతా అమ్మేసిన కారు అది, చేతులు మారి మారి ఈయన దగ్గరికొచ్చె. ముసలి కారు. రోడ్డు మీద పోతే ముందర కటకటా కటకటా అనేది, నీ కారు మాదిరే. గ్యారేజీకి పంపించడు. 'నా గాడి నేనే చూసుకుంటాను బావా' అనేది. బెంగళూరు పోయి సామాన్లు తెచ్చె. చక్రం కాడ బుష్షులు, ఇంగ స్టీరింగ్ రాడ్డు కొనలో ఉంటాదే, గుండు మాదిరి తిరుగుతాదే... ఆఁ, టై రాడ్ ఎండు. అదే. ఆయన పద్ధతి ఏమంటే, కారు కింద దూరే ముందర టైమాఫీసులో తనకిచ్చిన బిళ్ళ తెచ్చి స్టీరింగ్‌కి తగిలిచ్చేది. బిళ్ళ ఉంటే పని నడస్తా ఉండాదని, కారుని ఎవరూ ముట్టకూడదు. పని పూర్తిగా అయిపోతేనే ఆయనే తీసుకోని జేబులో వేసుకునేది. ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన తమ్ముడు మాధవకి తెలుసు, వాళ్ళమ్మ విశాలమ్మకి తెలుసు, వీధిలో వాళ్ళకి కూడా తెలుసు.

ఆ దినం బేస్తవారం. నేను పోయేసరికి చక్రాలు వేసేసి కారు కిందికి దించేసినాడు. జాకీ పక్కింటి గోపాలప్పది, వాడు వచ్చి ఇచ్చేయ్ ఇచ్చేయ్ అని ప్రాణం తీస్తా ఉంటే దించి ఇచ్చేసినాడు. చూస్తే పని అయిపోయినట్లే ఉండాది కారు. 'అయిపోయిందా బావా' అంటిని. 'లేదు, ఒక పిన్ను తక్కువ' అనె. ఆ రాడ్డు కొనకి నట్టు వేసి, నట్టు ఊడకుండా అడ్డంగా ఒక సన్న పిన్ను దూర్చి మడిచేది ఉంటాది గదా, పాతది తీసేటప్పుడు విరిగిపోయె. నట్టుని చేత్తో తిప్పి వదిలిపెట్టినాడు, పిన్ను తెచ్చినంక గట్టిగా బిగిచ్చుకోవచ్చని. 'ఏదన్నా తీగ చుట్టెయ్యి బావా' అంటిని నేను. నన్ను ఎట్ల చూసినాడంటే! 'పిన్ను అంటే పిన్నే. పద, బజారుకి పోదాం' అనె. నా స్కూటరు మీద ఇద్దరం రాబర్ట్‌సన్‌పేట పోతిమి. పోయేటప్పుడు కూడా ఒకతూరి వెనక్కి తిరిగి చూసినాడు. బిళ్ళ స్టీరింగ్‌కి ఉండాది, నేనూ చూసినాను. హనుమంతప్ప అంగడిలో సరిపోయే పిన్ను దొరకలేదు, ఇంగొక అంగడికి, ఆడనుంచి ఇంగొక అంగడికి. కడాకి దొరికె. దాన్ని చిటికెలో పట్టుకోని ఏం సంతోషమో ఆయనకి! జేబులో వేసుకుంటే పారిపోతాదేమో అన్నట్లు చేతిలోనే పట్టుకున్నాడు.

మళ్ల ఇంటికొస్తే, కారు లేదు.

నాకి వెంటనే ఏమీ తోచలేదు రా. ఎవరో దొంగ తోలుకోని పోయినాడేమో అనుకుంటిని, చూడు నా తెలివి! ఆయన మాత్రం స్కూటరు దిగకుండా అట్లనే కూర్చుండిపోయినాడు. తర్వాత ఇంటి పక్క సందులోనుంచి పెరట్లోకి పోతే, మీ అవ్వ జలజ తొట్టి కాడ కూర్చోని చింతపండేసి దీపం కుందులూ పంచపాత్రా తోముతా ఉండాది. శుక్రవారానికి దేవుడి సామాను అంతా బేస్తవారమే తోమేది అప్పుడు. తోమినవన్నీ గోడ మీద వరసగా ఆరబెట్టింది. ఆ వరసలో, కుందుల పక్కన, ఆ బిళ్ళ. బంగారం మాదిరి మెరస్తా ఉండాది. 'చూడండి, ఎంత నల్లగా అయిపోయి ఉండె, ఎట్ల తోమినాను చూడండి' అని మొగం ఇంత చేసుకోని చెప్పె. కాపురానికొచ్చి రెండేండ్లు కూడా కాని పిల్ల రా అది. ఇత్తడి కనపడితే చెయ్యి ఊరుకోదు దానికి. చక్రాలు వేసి దించేసి ఉంటే పని ముగిసిందనే అనుకునింది పాపం. 'కారు యాడికి పోయింది జలజా' అని నేను అడిగితిని. 'మాధవ వచ్చినాడు గదా, బస్సు తప్పిపోయిందంట, అత్తని తోడుకోని బేతమంగళకి పోయినాడు, అత్తకి చెల్లెల్ని చూడాలని ఉండాదంట' అనె. వాడు స్టీరింగ్ చూసినాడు, బిళ్ళ లేదు, అన్న పని ముగిచ్చినాడు అనుకున్నాడు. వాడి తప్పేముంది చెప్పు? ఎవరి తప్పు ఏముంది? మీ తాత ఆ బిళ్ళని చూసినాడు, మీ అవ్వ మొగం చూసినాడు. 'బాగుంది జలజా. చాలా బాగా తోమినావు' అనె. అంతే రా. ఒక్క మాట గట్టిగా అనలేదు. నాకి ఇప్పుడు కూడా ఆ గొంతు వినపడతాది.

సందు దాటినామో లేదో పరుగు. స్కూటరు ఆయనే తీసుకున్నాడు, నేను వెనక. 'చేత్తో తిప్పిన నట్టు బావా, చేత్తో తిప్పినాను' అని అదే మాట. ఆ గాలికి సగం వినపడదు. గుంత పడితే ఆ నట్టు ఒక్కొక్క చుట్టు తిరిగి రాలిపోతాది, రాలిపోయినా ఆ రాడ్డు కొన దాని గూట్లో ఇరుక్కోని కొంచెం దూరం వస్తాది, ఎప్పుడు ఊడుతాదో దేవుడికి కూడా తెలీదు. ఊడితే స్టీరింగ్ ఒక పక్క, చక్రం ఒక పక్క. ఇవన్నీ ఆయన నాకి చెప్పలేదు, తనకి తానే చెప్పుకుంటా ఉండాడు. ప్రతి మలుపులోనూ కళ్ళు మూసుకుంటిని, తెరిస్తే ఏం కనపడుతుందో అని. కాలవలో పడిన కారు కనపడుతుందేమో, విశాలమ్మ చీర కనపడుతుందేమో అని. ఏ మలుపులోనూ ఏమీ లేదు. లేకపోతే సంతోషించాల గదా? లేదు రా, ఇంగా భయం ఎక్కువాయె.

బేతమంగళ చెరువు దగ్గరికి వచ్చేటప్పుడు కనపడె. ముందర, నిదానంగా పోతా ఉండాది. విశాలమ్మ కిటికీలోనుంచి చెయ్యి బయట పెట్టుకోని గాలికి కూర్చున్నాది. అబ్బ, దొరికినారు అని నేను హారన్ మీదకి చెయ్యి చాపితిని. ఆయన నా చేతి మీద ఒక్క దెబ్బ కొట్టె. 'వద్దు! హారన్ కొట్టితే వాడు పక్కకి తిప్పుతాడు. తిప్పితే ఊడొస్తాది' అనె. అప్పుడు నాకి అర్థమాయె, మేము వాళ్ళని పట్టుకున్నా ఏమీ చెయ్యలేమని. పిలవకూడదు, అరవకూడదు, వెనకనే దొంగల మాదిరి పోవాల. ముందర కట్ట మీదికి ఎక్కే మలుపు. ఒక పక్క నీళ్ళు. ఆ మలుపులో స్టీరింగ్ పూరా తిప్పాల్సిందే, ఇంగొక దారి లేదు. నీళ్ళ పక్కకి పోతే అమ్మా తమ్ముడూ ఇద్దరూ పోతారు. నేను నారాయణా నారాయణా అంటా ఉండా. ఆయన ఠక్కని స్కూటరు ఆపె. 'దిగు బావా' అనె. 'ఎందుకు' అంటిని. 'నీ బరువుకి ఇది పోదు, దిగు.' అప్పుడు నేను ఇట్ల ఉండలేదులే, బాగా ఒళ్ళు ఉండేది. దిగినాను. ఆ శెనక్కాయ చేను పక్కన దిగి నిలబడినాను. ఆయన పోయె.

దూరంగా పోయి, కారుని దాటి, బాగా ముందరికి పోయి, స్కూటరు ఓరకి ఆపి, రోడ్డు పక్కన నిలబడి రెండు చేతులూ ఎత్తి నిదానం నిదానం అని సైగ చేసె. 'తిప్పొద్దు రా మాధవా, తిప్పొద్దు, అట్లనే నిలుపు' అని అరిచేది నాకి ఆ చేను దాకా వినపడె. మాధవకి ఏం వినపడిందో! అన్నని చూసి నవ్వినాడంట. నిదానం చేసె. ఇంగ నిలిచిపోతాది, నిలిచిపోతాది అనుకుంటా ఉండాను నేను. అన్న పిలిచినాడు గదా, నడి రోడ్డులో ఎట్ల నిలిపేది అని, మర్యాదకి, కొంచెమే, ఓరకి తిప్పినాడు. అన్న ఉండే పక్కకే. అంతే ఆ చక్రం అడ్డం తిరిగిపోయె. పెద్ద స్పీడు కూడా లేదు రా విఘ్నేశూ. మనిషి నడిచేంత స్పీడు. అంత నిదానంగా పోయి ఆయన్ని ఆ కట్ట బండరాయికి ఒత్తి పెట్టేసింది. ఆ నిదానమే నేను మర్చిపోలేను.

నేను పరిగెత్తి పోయేసరికి మాటాడతా ఉండాడు. మాధవ ఆయన కాళ్ళ మీద పడి ఏడస్తా ఉంటే, విశాలమ్మ కొడుకు తల పట్టుకోనుంటే, ఆయన నన్నే చూసి చెప్పె. 'బ్రేకు పోయిందని చెప్పండి. బిళ్ళ మాట, పిన్ను మాట జలజకి చెప్పొద్దు. అది బతకలేదు' అనె. ఆస్పత్రికి చేరలేదు. అదే చెప్పినాము. బ్రేకు పోయిందమ్మా, పాత కారు గదా, బ్రేకు పోయింది. విశాలమ్మ కోడల్ని పక్కన పడుకోబెట్టుకోని ఇరవై ఏండ్లు బతికింది, ఒక్క మాట జారలేదు. మాధవ మళ్ల స్టీరింగ్ ముట్టలేదు, వాడూ పోయినాడు. ఇంగ మిగిలింది నేనే. దినామూ భయమే రా నాకి, నోరు జారుతుందేమో, నిద్రలో ఏమన్నా అంటానేమో అని. నేను పోయేలోపల ఎవరికన్నా చెప్పాల గదా, ఆ మనిషి ఎట్లా పోయినాడో ఒకరికన్నా తెలియాల గదా. ఈ పొద్దు నువ్వు ఆ రాడ్డు ఊడదీసినావు, ఇంగ నాకి ఆగలేదు. నువ్వు మీ అవ్వ కాడ నోరు తెరిచినావో, నా మీద ఒట్టు. పని మధ్యలో యాడికీ లేచిపోవద్దు. నట్టు, పిన్ను, రెండూ అయినంకనే లెయ్యి. సాయంత్రం నమ్రతని ఎక్కించుకోని పోతానంటివి గదా? నీ పెండ్లాము రా అది.

ష్... మీ అవ్వ వస్తా ఉండాది. కాపీ తాగు, కాపీ తాగు. ఏమ్మా జలజా, ఏం లేదు, వీడికి పాత మైన్స్ సంగతులు చెప్తా ఉండా. ఎండలోకి యాల వచ్చినావు? ... అదేమి, గేటుకి బీగం వేస్తా ఉండావు? పట్టపగలు ఎవరొస్తారమ్మా? నమ్రత బజారుకి పోవాలని అంటా ఉండె గదా, ఆటోలో పోతాదిలే, తియ్యి బీగం. ... ఏమి? సరిగ్గా వినపడలేదు. ... పిన్ను పడినంక తీస్తావా?

జలజా. మేము బ్రేకు అని కదమ్మా చెప్పింది నీకి. ఇన్నేండ్లూ తెలుసునా?

...

రా, ఇట్ల నీడలో కూర్చో. రేయ్, మీ అవ్వకి ఆ కుర్చీ ఇటు లాగు.