తోకలక్క వరస

ఏంటమ్మడూ, ఆ ఫోన్ని అలా గుచ్చి గుచ్చి చూస్తున్నావు? ఐదక్షరాల ఇంగ్లీషు మాటా? చివర వై ఉండాలా? ఓస్, ఇంతేనా. హ్యాపీ, డర్టీ, పార్టీ, స్టోరీ, సారీ, ఎంప్టీ, యాంగ్రీ... ఇంకా కావాలా? నవ్వుతావేంటి, ఏడో క్లాసుతో బడి మానేసిన తాతకి ఇన్ని ఎలా వచ్చాయనా? నావి కాదులే. తోకలక్కవి. మా ప్రెస్సులో ఇంగ్లీషు టైపు పేర్చేది. పెట్టిన పేరు వేరే ఉంది కానీ, ఎవడు పిలిచాడు గనక. ఆవిడ కూడా ఎనిమిదితో ఆపేసింది. ఆ మాటల్లో సగానికి అర్థం తెలియదు. అయినా అర్థం ఎవడిక్కావాలి? డిక్షనరీ వాళ్ళు మాటల్ని తలల్ని బట్టి వరసలో నిలబెట్టారు కదా, ఈవిడ తోకల్ని బట్టి నిలబెట్టింది. మూడక్షరాలవి ఒక చోట, నాలుగువి ఒక చోట, ఐదువి ఒక చోట, ఒక్కో దాంట్లో మళ్ళీ ఏ తోకకి ఆ తోక. పనికిరాని ప్రూఫు కాగితాల వెనకాల రాసుకుంటూ పోయింది. పదకొండేళ్ళు. నువ్వు పదకొండు నిమిషాలకే విసుక్కుంటున్నావు.

ఎందుకంటే, మా ప్రెస్సులో ఇంగ్లీషు వారపత్రిక ఒకటి అచ్చయ్యేది, దాంట్లో గళ్ళ పజిలు. దాన్ని కట్టేవాడు మా యజమాని గారి బావమరిది, పజిల్ మాస్టారు అనేవాళ్ళం. పెద్ద చదువే చదివాడు. కానీ కింది మూల దగ్గరకొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది పాపం. గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆరక్షరాలు, చివర కే" అనేవాడు. ఈవిడ తలెత్తేది కాదు. చేతిలో పని చేతిలోనే, నోరు మాత్రం నాలుగు మాటలు చెప్పేసేది. ఆయన రాసుకుని పోయేవాడు. ఒక్కనాడు థాంక్స్ అన్న పాపాన పోలేదు. మేమంతా పళ్ళు నూరుకునేవాళ్ళం, ఆవిడ మాత్రం పోనీలే, అడిగేవాడంటూ ఒకడున్నాడు అనేది.

ఆ, చెప్తున్నా కదా, తొందరేంటి. ఒకసారి యజమాని గారికి బుర్రలో వెలిగింది, దీన్నంతా పుస్తకంగా వేస్తే పజిళ్ళ పిచ్చోళ్ళు ఎగబడతారని. అక్క మొహం చూడాలి ఆ రోజు! కొత్త ఏప్రన్ కట్టుకుని వచ్చింది. మొదట వై తోకలే పేరుస్తానంది. ఐదక్షరాలవే ఎనిమిది పేజీలు, పేజీకి ఎనభై మాటలు. నీకు తెలియదు కదా, టైపు పెట్టెలో ఒక్కో సీసం అక్షరానికీ ఒక్కో గడి. ఇంగ్లీషు ఈ అనే అక్షరానికి పెద్ద గడి, వై కి చిన్న గడి, ఎందుకంటే మామూలు పుస్తకంలో వై లు గుప్పెడు చాలు. ఇక్కడేమో ప్రతి మాటకీ ఒకటి! రెండో పేజీ సగంలో గడి ఊడ్చుకుపోయింది. ఇన్నేళ్ళు ప్రెస్సు నడిపిన యజమానికి గానీ, ఫోర్‌మన్‌కి గానీ, మాకు గానీ ఒక్కడికైనా తట్టలేదు చూడు. వై లు మాత్రమే కావాలని ఆర్డరు పంపితే, టైపులు పోసే ఆయన ఫోన్ చేసి, "ఏమండీ, వేపుకు తింటున్నారా?" అని అడిగాడు. నెలరోజులకి వచ్చాయి, చెక్కపెట్టెలో, అన్నీ వై లే, కొత్త సీసం తళతళా. అక్క ఎనిమిది పేజీలూ పూర్తిచేసి, అక్షరాలు చెదిరిపోకుండా దారం చుట్టి రాతిబల్ల మీద వరసగా పెట్టింది.

అప్పుడు పుస్తకం పేరుండే మొదటి పేజీ రాసిచ్చారు. రచయిత అని, కింద పజిల్ మాస్టారి పేరు. అక్క చదువుకుంది. యజమాని గదిలోకి వెళ్ళింది, తలుపు వెయ్యలేదు, మేమంతా విన్నాం. ఇది నా పుస్తకమండీ, నా పేరు పడాలి అంది. ఆయన మెత్తగానే చెప్పాడు, పేర్చేవాళ్ళ పేర్లు వేసుకుంటూ పోతే పుస్తకం నిండా పేర్లే ఉంటాయమ్మా అని. పేర్చినందుకు అడగట్లేదు, రాసినందుకు అడుగుతున్నా అంది. నీ పేరు చూసి ఎవరు కొంటారు అన్నాడాయన. అయితే ఆ పేజీ నేను పేర్చను అని బయటికొచ్చేసింది. ఆవిడ దగ్గరా ఈ పప్పులుడికేది!

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎనిమిది పేజీల దారాలూ విప్పింది. విసిరికొట్టొచ్చు కదా? ఒక్క తోపు తోస్తే నేలపాలే. ఊహూ. అక్షరం అక్షరం తీసి ఏ గడిది ఆ గడిలో వేసుకుంటూ కూర్చుంది, పద్ధతిగా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. యజమాని వచ్చి అరిచాడు. ఫోర్‌మన్‌ని ఆపమన్నాడు. ఫోర్‌మన్ తల గోక్కుని, పని శుభ్రంగానే చేస్తోందండీ, ఏమని ఆపను అన్నాడు. అప్పుడు అక్క లేచి నిలబడి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సీసం మీది. మీ సీసం మీ గళ్ళల్లో వేసి పోతున్నా. వరస నాది, అది నాతో వస్తుంది." కాగితాల కట్ట సంచిలో పెట్టుకుంది. పుస్తకం రాలేదు. పజిల్ మాస్టారు సొంతంగా కడతానని కూర్చుని, మొట్టమొదటి అక్షరం ఏ, దాని తోక దగ్గరే చతికిలబడ్డాడు. అక్క తర్వాత ఎక్కడో కార్డులు అచ్చేసే కొట్టులో చేరింది. చివరిదాకా రాస్తూనే ఉందట. ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదయింది, ఎవడి మొహానికి ఇవ్వాలి?

మేమా? మేమంతా అక్క పక్కనే నిలబడ్డాం. అదీ... అందరికీ అలాగే చెప్తాను. మీ నాన్నకీ అలాగే చెప్పాను.

ఏంటీ, ఆ మొదటి పేజీ ఎవరు పేర్చారనా? నీకు అన్నీ కావాలి. ఎవరో ఒకరు పేర్చాలి కదమ్మా. మీ నాన్న అప్పుడే పుట్టాడు. అక్క కాదన్న రోజే యజమాని ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. నేనే పేర్చాను. ఆ మాస్టారి పేరు, పెద్ద టైపులో, నడిమధ్యన. మర్నాడు సాయంత్రం అక్క అన్నీ సర్దేశాక రాతిబల్ల మీద అదొక్కటే మిగిలింది. దాన్ని ముట్టుకోలేదు. నా వంక చూసి, "ఇది నువ్వు పేర్చింది తమ్ముడూ, నువ్వే విప్పు" అంది. కోపంగా కూడా అనలేదు. సంచి భుజానికేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది, చూస్తూ. ఇటు యజమాని చూస్తున్నాడు. ఒక్క ముడి. వేలితో లాగితే వచ్చేస్తుంది.

విప్పలేదు.

ఆ కిటికీ వెయ్యి తల్లీ, గాలి కొడుతోంది.