చేపలు తినని ఇంటి పిలుపు

అధ్యక్షులు వెంకట్రామయ్య గారికీ, నేను కాపురమున్న ఈ వీధి పెద్దలకూ, గిలకలదిండి నుంచి పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకూ, ఈ సన్మానానికి బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టిన మన పాపాయమ్మకూ నమస్కారం. (పాపాయమ్మ లేవబోయింది) కూర్చో పాపాయమ్మా! ముప్పై ఏళ్ళు చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని బందరు వీధులు తిరిగిన మోకాళ్ళకి ఇవాళే గదా విశ్రాంతి!

మాది ఉల్లిపాయ కూడా ఆలోచించి తరిగే ఇల్లని మీ అందరికీ తెలుసు. (నవ్వులు) అలాంటి ఇంటి గుమ్మంలో నిలబడి ఆరేళ్ళ క్రితం ఒక పొద్దున నేను, "చేపలమ్మా, ఇటు రా!" అని కేకేశాను. ఎదురింటి అరుగు మీంచి వెంకట్రామయ్య గారు, "ఏమ్మా ఉమామహేశ్వరీ, మడి వంటలో పండుగప్ప చేపా?" అని నవ్వారు. ఏం చెయ్యనండీ, నా ఫోను మా ఆయన జేబులో ఉండేది, గుమ్మం దాటితే చెయ్యి లేచేది, అంతకుముందు నోరు విప్పి చెప్పుకుంటే ఇదే వెంకట్రామయ్య గారు "సర్దుకుపోమ్మా" అన్నారు. వీధిలో మనిషిని పిలవడానికి నాకు మిగిలిన సాకు చేపలే.

పాపాయమ్మ నవ్వలేదు. బుట్ట దించి, నా మణికట్టు మీద కమిలిన మచ్చ చూసి, "లోపలున్నాడా?" అంది మెల్లగా. తలూపాను. వెంటనే వీధంతా వినేలా, "ఆ గోడ మీద పిల్లికా అమ్మా? పిల్లికైతే చిన్న పరిగె చేపలు చాలు, రోజూ తెస్తాలే!" అంది. ఆ పిల్లిని మీలో ఎవరైనా చూశారా? నేనూ చూళ్ళేదు. (నవ్వులు) పిల్లి మీద జాలి చూపించడానికి మాత్రం మా ఆయనకి అభ్యంతరం లేకపోయింది.

మర్నాడు పరిగెల కింద కవర్లో చుట్టి తన ఫోను తెచ్చింది. పెరటి గుమ్మంలో కూర్చుని ఆడవాళ్ళ సహాయానికుండే 181 నంబరుకి చేశాను. అవతలి అమ్మాయి మొదట అడిగిన మాట, "ఇప్పుడు మాట్లాడడానికి మీకు వీలుందా అండీ?" అని. నాకు వీలుందా అని పెళ్ళయ్యాక ఎవరూ అడగలేదండీ. మూడో రోజు మా ఆయన ఇంట్లో లేని వేళ చూసి, వాళ్ళు చెప్పిన ఆఫీసుకి ఆటోలో వెళ్ళాం. నా చెయ్యి పాపాయమ్మ పట్టుకుంది, తన బుట్ట నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఉండడానికి చోటు, లాయరు, తర్వాత గుడ్లవల్లేరులో ఉద్యోగం, ఒక్కొక్కటే కుదిరాయి. ఇప్పుడు హాయిగా ఉన్నాను.

వెంకట్రామయ్య గారూ, తల దించుకోకండి. ఈ సన్మానం చెయ్యాలని పట్టుబట్టింది మీరే. నా కోపం పోయిందా అంటే, చాలావరకు పోయింది.

రేపటి నుంచి పాపాయమ్మ కోడలు ప్రసన్నలక్ష్మి ఈ వీధికి వస్తుంది. ప్రసన్నా, చేపలు తినని ఇంటివాళ్ళు పిలిస్తే ముందు అక్కడ బుట్ట దించు తల్లీ.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అధ్యక్షుల వారూ, ఈసారి అలాంటి పిలుపు వినపడితే నవ్వకండి, అరుగు దిగి రండి. సెలవు.