కూర్మారావు ముక్కూ మొగబీర మొక్కా

సోమవారానికల్లా మొగబీర కొమ్మ ఒకటి, పూలతో సహా, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి కాలేజీలో ఇవ్వాలి. లేకపోతే మార్కుల్లేవు. వారం నుంచి రాయగడ చుట్టుపక్కల గట్లన్నీ తిరిగినా నాగశ్రీకి అది దొరకలేదు. చివరికి టీ కొట్టుకొచ్చి కూర్మారావు మావనే అడిగింది. ఆయన మునిసిపాలిటీ మేస్త్రీ. పొద్దున్నే ఆఫీసు గోడవార పిచ్చిమొక్కలు కోయించి, ఆ మోపు మీదే దర్జాగా కూర్చుని టీ తాగుతున్నాడు.

"లమ్తపుట్ కొండ మీద కళ్లు మూసుకుని గుర్తుపట్టేనమ్మీ," అన్నాడు. "కాడ వేళ్ల మజ్జిన నలిపితే దొర్లదు, నాలుగు పలకలు. ఆకులు ఎదురెదురుగా జతలు. పైన ఎండిపోయినా ఏటా వేరు నుంచి మళ్లీ లేస్తాది."

ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. నాగశ్రీ ఆశగా రాసుకుంది. "ఆ తర్వాత ఏటైందో తెలుసా?" అంటూ ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఇక పట్టపగ్గాల్లేవు. అసలు ఆ కొండెక్కింది ఎందుకంటే, అక్కడికి ఎన్నో ఆమడల దూరంలోని తెరుబలిలో నిలబడి ఉండగా ఆ వాసన తన ముక్కుకి తగిలిందట. దాని వెంటే నడుచుకుంటూ వెళ్తే ఒక్కో కాడ తాటిమానంత ఉందట. నాలుగు నరికి ఇంటికి స్తంభాలు పెట్టిస్తే తాపీమేస్త్రీకి మూలమట్టంతో పనే పడలేదట.

"మొక్కేనా మావా?"

"పూవుకి కింద పెదవీ పై పెదవీ ఉంటాయి కదా. ముందు ఒడియాలో పలకరించింది. నేను తెలుగోడినంటే, కూర్మారావుగారూ, టీ తాగేరా అంది."

సొంత మేనకోడలి మార్కులు పోతుంటే ముఖం చెక్కు చెదరకుండా ఇన్ని కోతలు ఎలా కోస్తాడా అని నాగశ్రీ నిర్ఘాంతపోయింది. ఏడుపొచ్చింది కూడా.

ఆయన కింద పనిచేసే పుణ్యవతి కొడవలి కడుక్కుంటూ అంతా విన్నది. వచ్చి, మోపులోంచి ఒక కాడ లాగి ఆయన చేతిలో పెట్టింది.

"నలుపు మేస్త్రీ."

నలిపాడు. దొర్లలేదు. మళ్లీ నలిపాడు. ఊదారంగు పూలు వేళ్లకు అంటుకుని ఘాటైన వాసన గుప్పున కొట్టింది. కూర్మారావు ముఖంలో కత్తి వేటుకు నెత్తుటి చుక్క లేదు.

"తెరుబలిలో ఉండి లమ్తపుట్ వాసన పట్టిన ముక్కుకి కిందున్నది తెలీలేదేటి? పొద్దున్న నేను కొయ్యొద్దంటే పిచ్చిమొక్కన్నావు." ఆపైన నాగశ్రీ వైపు తిరిగింది. "నువ్వు ఎండబెట్టుకో అమ్మి, సాలు. నొక్కడమంటావా, మీ మావ పొద్దుట్నించీ ఆ పని మీదే కూకున్నాడు."