వంటింట్లోకి పిలుపు

"కిందటేడు మార్చి ఎనిమిదిన మంచాన పడ్డ మీ నానమ్మ మొదటిసారి మీ అమ్మ కాచిన జావ తాగింది. సాయంత్రానికి పోయింది."

"అంతకుముందు అమ్మ వండింది ఎప్పుడూ ముట్టుకోలేదు కదా తాతయ్యా? అమ్మ ఇక్కడి ఆదివాసీల్లో క్రీ తెగ మనిషి అనేగా?"

కెనడాలో, ఎడ్మంటన్‌లోని మా ఇంట్లో, ఆబ్దికం ముందురోజు భోజనాలయ్యాక, మనవరాలు కాలేజీ క్లాసు కోసం చదువుతున్న నవల మూసి అడిగింది. నూరేళ్ళ కిందట న్యూజిలాండ్‌లో తెగ అమ్ముడైన నవల.

"అవునమ్మా. కథ ఏమైంది?"

"హీరోయిన్ అమ్మ మావోరీ, అంటే అక్కడి ఆదివాసి, నాన్న తెల్లాయన. ఎవరూ కలుపుకోరు. లాస్ట్‌లో చనిపోతుంది. రీడర్స్ అంతా ఏడ్చారట."

"పోయినవాళ్ళ కోసం ఏడవడం తేలిక తల్లీ. బతికుంటే భోజనానికి పిలవాల్సొచ్చేది."

"రేపు అమ్మా నేనూ వంటింట్లోకి రాకుండా హాల్లోనే కూర్చోవాలా?"

"ఆబ్దికం వంట కోడలే చెయ్యాలి. నువ్వు సాయం ఉండు."

"నానమ్మ ఒప్పుకునేదా?"

"ఒప్పుకునేది కాదు. నేను పిలుస్తున్నాను."

"అమ్మకి చెప్పారా?"

"ఇప్పుడే వెళ్ళి అడుగుతాను."

కోడలు ఆసుపత్రి డ్యూటీ బట్టల్లోనే నిద్రపోయింది. మడి కోసం తడిపి ఆరేసిన నూలుచీర కుర్చీ మీద ఉంది. ఎవరూ పిలవకముందే సిద్ధం చేసుకుంది. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాను.