తాతబ్బాయీ మంగాయమ్మా, మధ్యలో గేదె

తాతబ్బాయి లేడూ, ఏటిమొగ దగ్గర తాటాకిల్లు, ఆయనా పెళ్ళాం మంగాయమ్మా మాటలు మానేశారంట. ఎందుకనుకున్నారు? తుఫానొస్తుందని దండోరా వేశారు. ఇంట్లో ఉన్నది ఒకటే మోకు. దాంతో ఇంటికప్పు కట్టమంది ఆవిడ, కాదు గేదెని కట్టాలన్నాడు ఈయన. మాటామాటా పెరిగి, ముందు ఎవరు పలకరిస్తే ఆళ్ళు ఏడాదంతా పేడ తియ్యాలని పందెం వేసుకున్నారంట. పేడ తియ్యడమంటే మాటలా! ఆ గేదె పేరు కస్తూరిలే, పేరుకే కస్తూరి. ఇక ఏం చెప్పుకోవాలన్నా దానికే చెప్పడం. "కస్తూరీ, మీ అయ్యని కూడు తినమనవే." "కస్తూరీ, పులుసులో ఉప్పెక్కువైందని మీ అమ్మకి చెప్పవే." అదేమో నెమరేసుకుంటా వినేది.

ఇంతకీ మోకు సంగతి ఏమైందంటే, ఇద్దరి మాటా నెగ్గాలని తాతబ్బాయి ఒక కొస కప్పుకి కట్టి, రెండో కొస గేదెకి కట్టాడంట. గాలికి కప్పు లేవకుండా గేదె ఆపుద్ది, నీళ్ళకి గేదె పోకుండా కప్పు ఆపుద్ది! నవ్వకండి, ఆయనకి ఆ పూట అలా తోచింది. తెల్లారేసరికి వరదొచ్చింది చూడండి, గోడలు కరిగిపోయాయి, కప్పు తేలింది. కప్పు మీద చెరో చివర మొగుడూ పెళ్ళాం, ఎనకాల ఈదుకుంటా గేదె. అలా పోతున్నారు, పోతున్నారు, సముద్రం వైపే పోతున్నారనుకోండి. "కస్తూరీ, మీ అమ్మని మధ్యకి జరగమనవే, కప్పు ఒరుగుతుంది." "ఒరిగేది ఎవరి బొజ్జ వల్లో చూసుకోమనవే మీ అయ్యని!" అంతలో ఫట్టుమని మోకు తెగింది. గేదె తన దారిన తను ఈదుకుంటా పోయి కాలవగట్టెక్కేసింది. అది బతికిపోయింది. మరి ఈళ్ళో?

ఎదర సముద్రం నురగలు కక్కుతుంది. మధ్యలో ఒకే ఒక్క తాడిచెట్టు, తల మాత్రం నీళ్ళపైనుంది, అదీ మంగాయమ్మ వైపు. ఆవిడేమో అటు వీపు పెట్టుక్కూచుంది. చెబుదామంటే గేదె లేదాయె! పక్కనే గుమ్మడికాయ తేలుతుంటే, "ఒసే గుమ్మడికాయా, ఆవిడని ఎనక్కి చూడమనవే" అన్నాడంట. "గుమ్మడికాయలు చెబితే నేను విననని చెప్పవే" అని ఆవిడ కూడా గుమ్మడికాయకే చెప్పింది! చెట్టు దగ్గరకొచ్చేసింది. అది దాటితే ఇద్దరూ సముద్రంలోనే. "చెట్టు పట్టుకోవే!" అని గావుకేక పెట్టి ఆవిడ వైపు దూకాడు. ఆవిడ గిర్రున తిరిగి ఒక చేత్తో చెట్టునీ, ఇంకో చేత్తో ఈయన జుట్టునీ దొరకబుచ్చుకుంది. కప్పు సముద్రంలోకి పోయింది.

చెట్టెక్కి ఊపిరి పీల్చుకోగానే ఆవిడ అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "నువ్వే ముందు మాట్లాడావు. పేడ నీదే."

"నీతో ఎక్కడన్నాను? గేదెతో అన్నా."

"చెట్టు పట్టుకోడానికి గేదెకి చేతులున్నాయేంటయ్యా?"

నాకిదంతా మంగాయమ్మే చెప్పింది. ఆవిడ చెబితే ఆవిడే గెలుస్తుంది కదా, ఆయన్ని కూడా అడుగుదామని కస్తూరిని కట్టేసిన పాకలోకెళ్ళా. పేడతట్ట పట్టుకుని నిలబడ్డాడు. "నిజమేనా బాబాయ్?" అన్నా. ఆయన నా వైపే చూళ్ళేదు. "కస్తూరీ, ఈణ్ణి వచ్చిన దారినే పొమ్మనవే" అన్నాడు.