పడవలో పొద్దుపొడుపు

రండర్రా, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. ఆ గుమ్మంలో వద్దు నాన్నా, వచ్చేపోయేవాళ్లు తొక్కేస్తారు. ఏమన్నావూ? ఫోను పట్టుకుంటే చెయ్యి వణికి బొమ్మ చెదిరిపోతోందా? అయితే నువ్వు మన స్టూడియో బాబాయి సంగతి వినాలి. ఆయన పోయి చాలా ఏళ్లయింది, మీరెవరూ చూసి ఉండరు. పెళ్లి వీడియోలు తీసేవాడు. మనిషి బంగారం, చెయ్యి మాత్రం గాలికి ఊగే రావి ఆకు. "ఏం బాబాయ్, పెళ్లిలో భూకంపం వచ్చిందా?" అని జనం ఏడిపించేవాళ్లు. ఎవరేమన్నా నవ్వేసేవాడు గానీ, మామగారు ఆ మాట అంటే మాత్రం మొహం చిన్నబోయేది. ఆ మామగారు ఎవరనుకున్నారు, రేవులో పడవ నడిపే ఆయనే.

అప్పుడే ఏటి మీద వంతెన పూర్తయింది. మర్నాటితో పడవ ఆగిపోతుంది. జన్మలో అల్లుణ్ణి ఏదీ అడగని మామగారు ఇంటికొచ్చి, "ఏటి నడుమ నుంచి పొద్దుపొడుపు తీసిపెట్టవయ్యా. రోజూ చూసిందే, ఇక కనబడదు. ఉన్నది రేపొక్క పొద్దే. ఊపకుండా తియ్యి" అన్నాడు.

మర్నాడు చీకటుండగానే బాబాయి పిన్నిని వెంటబెట్టుకుని పడవెక్కాడు. ఈసారి ఊగితే ఒట్టు అనుకుని, కెమెరా స్టాండు మూడు కాళ్లూ తాళ్లతో పడవ చెక్కలకి బిగించి కట్టేశాడు. అక్కడే కొంప మునిగింది! నేల మీదయితే స్టాండు నిలకడే. ఊగేదానికి కట్టేస్తే అదీ ఊగుతుంది కదూ? అల తగిలి పడవ అటు వాలితే కెమెరా అటు, ఇటు వాలితే ఇటు. మామగారు తెడ్డు ఆపి, "కవలపిల్లల్లా ఊగుతున్నాయయ్యా రెండూ!" అన్నాడు. తూర్పు ఎర్రబడిపోయింది. బాబాయి కంగారుగా పంటితో ముడులు పీకాడు, స్టాండు ఒరిగింది, కెమెరా ఊడదీసి గుండెకి హత్తుకుని చెక్క మీద చతికిలబడ్డాడు. పిన్ని తటాలున వెనక కూర్చుని వీపుకి వీపు ఆనించింది. మోచేతులు డొక్కలకి అదుముకుని కెమెరా కంటికి ఎత్తుకున్నాడు. పడవతో పాటు నడుం ఊగింది, ఊగనిచ్చాడు. పైన కెమెరా మాత్రం నెత్తి మీద నిండుబిందెలా నిలబడిపోయింది. ఇక కదిలితే పోతుందని, ఊపిరి కూడా బిగబట్టేశాడు మహానుభావుడు!

ఇంటికొచ్చి టీవీలో పెట్టారు. వస్తున్నాడు సూర్యుడు, ఎంత నింపాదిగానో! నీటి అంచు కూడా వంకర పోలేదు. మామగారు రెప్ప వెయ్యలేదు. అంతలో టీవీలోంచి పిన్ని గొంతు: "ఊపిరి పీల్చండీ, పీల్చండి! మీరు కళ్లు తిరిగి పడితే నేనూ ఏట్లో పడతాను, నాకు ఈత రాదు!" వెంటనే మామగారి గొంతు: "నోరుముయ్యవే, సూర్యుడు బెదిరి వెనక్కి పోతాడు!" కెమెరా మాటలు కూడా పట్టుకుంటుందని ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంది? బాబాయి సిగ్గుపడి, "మాటలు తీసేస్తాను మావయ్యా" అని లేవబోతే ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "మా అమ్మాయి తిట్టు ఒక్కటి తగ్గినా ఊరుకోను. బాగా తీశావయ్యా."

ముగ్గురూ వెళ్లిపోయారిప్పుడు. మొన్న బాబాయి మనవరాలు ఆ వీడియో పెడితే అందరం చుట్టూ చేరాం. సూర్యుడొచ్చాడు, పైకి పోయాడు, ఒక్కరైనా పట్టించుకుంటేగా! పిన్ని తిట్ల కోసం చెవులు రిక్కించుకుని... సరే సరే, లేవండి. అన్నాలు చల్లారిపోతాయి. పొండి, తినండి.